ఆకాశంతో బేరం

గంజి మరీ చిక్కబడింది. గంజి పెద్దమ్మ కర్రతో ఒకసారి కలిపి, వేలితో కాస్త తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసి, చెంబెడు నీళ్ళు పోసింది. పక్కన హోటలు పనివాళ్ళ తెల్ల చొక్కాలు కుప్పగా ఉన్నాయి. ఒక్కోదాన్నీ మెడపట్టీ పట్టుకుని గంజిలో ముంచి, పిండి, గట్టిగా ఒక దులుపు దులిపి తీగ మీద వేస్తోంది. దులిపినప్పుడల్లా ఎవరో ఒక్క చప్పట కొట్టి ఆగిపోయినట్టు చప్పుడు.

చొక్కా చొక్కాకూ మధ్య తలెత్తి ఆకాశాన్ని చూస్తోంది. ఆ చూపులో దండం లేదు, బతిమాలడం లేదు. నిన్న ఒక ధర చెప్పి ఇవాళ ఇంకో ధర చెప్పే వర్తకుణ్ణి చూసే చూపు అది.

ఆకాశంతో ఆమె బేరం పాతది. ఎండ నువ్వివ్వు, తెలుపు నేనిస్తాను. అంతే. అంతకుముందు ఆమె అత్తదీ అదే బేరం. ఇద్దరూ మాట మీద నిలబడినంత కాలం వ్యాపారం సాఫీగా సాగింది. వాన వచ్చినా చెప్పి వచ్చేది. ముందు గాలి మళ్ళేది, తర్వాత మట్టి వాసన, ఆ తర్వాత దూరంగా ఒక ఉరుము. ఆలోగా ఆడవాళ్ళు పరుగెత్తి తీగలన్నీ ఖాళీ చేసేవాళ్ళు. ఇప్పుడా మర్యాద పోయింది. ఎండ కాయాల్సిన నెలల్లో కుండపోత. కురవాల్సిన నెలల్లో దుమ్ము. కాస్తే ఎంత కాస్తుందంటే, రంగుబట్ట రెండు పూటలకే వెలిసిపోయి, దాని యజమాని వచ్చి మీరేం కలిపారని గొడవకు దిగుతాడు. వాన రాని రోజున ఊరవతల పొగగొట్టాల నుంచి నల్లటి నలుసులు వచ్చి తడి దుప్పట్ల మీద వాలతాయి. అప్పుడు మళ్ళీ మొదటి నుంచి ఉతకాలి. ఆ రెండో ఉతుకుడు ఎవరి ఖాతాలో పడుతుంది? ఎవరి ఖాతాలోనూ పడదు. నడుములో పడుతుంది.

"అక్కా, పొద్దున్నే ఆకాశాన్ని అట్లా ఉరిమి చూడకు. అది తిరిగి ఉరుముతుంది," అంది తోడికోడలు, తొట్టి దగ్గర నుంచి.

"ఉరమనీ. ఉరిమితే కనీసం వస్తున్నట్టు తెలుస్తుంది. ఈమధ్య దొంగలా వస్తోంది."

తోడికోడలు నవ్వింది. ఆమె నవ్వితే తొట్లన్నీ మోగుతాయి. వయసులో చిన్నది, నోట్లో పెద్దది. గంజి పెద్దమ్మ దానికి ఎదురు. మనిషి సన్నం, మాట పొదుపు, నడుము మాత్రం ఎప్పుడూ నిటారు. గంజి పెట్టడంలో పేరున్నందుకు ఆ పేరు వచ్చిందని కొందరంటారు. ఎవరి ముందూ వంగదని వచ్చిందని తోడికోడలు అంటుంది. చేతులు చూస్తే మాత్రం వంగి వంగి బతికిన మనిషని తెలుస్తుంది. వేళ్ళ చివర్లు నానిపోయి, ముడతలు పడి, గోళ్ళు తెల్లబడి, కీళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఊళ్ళో సగం మంది ఒంటి మీద తెలుపు ఆ చేతుల్లోంచి పోయిందే.

కోడలు ఇస్త్రీ బల్ల వదిలి మాత్ర, నీళ్ళు తెచ్చింది.

"అత్తమ్మా, ఇది వేసుకో. రాత్రంతా ఛాతీ పట్టుకుని కూర్చున్నావు. డాక్టరేమన్నాడు? ఎండలోకి వెళ్ళొద్దన్నాడా లేదా?"

"నీడలో బట్టలారతాయా అని అడగకపోయావా ఆయన్ని?"

"నేను బట్టల డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు."

"అయితే తప్పు డాక్టరు దగ్గరికే వెళ్ళావు," అని మాత్ర వేసుకుని, గ్లాసు చేతికిచ్చి, ఇంకో చొక్కా అందుకుంది.

ఆ రోజు ఆమెకు వేరే తొందర ఉంది. సాయంత్రం ఊరి నాటకశాలలో వాళ్ళ నాటకం. కాలాలు గతి తప్పుతున్న సంగతి మీద చిన్న చిన్న నాటకాలు, అదీ ఇంతవరకూ ఏ వేదికా పిలవని మనుషులు వేసేవి. రాళ్ళు కొట్టేవాళ్ళు, పడవల మీద బతికేవాళ్ళు, ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు, వీళ్ళు. రాసేదీ వాళ్ళే, ఆడేదీ వాళ్ళే. ఏ నాటకమైనా ఒక టీ తాగి ముగించేంతసేపే ఉండాలి.

వీళ్ళకు నాటకం నేర్పినవాళ్ళెవరూ లేరు. వానలు నేర్పాయి. తీగలన్నీ ఖాళీగా, రేకుల కప్పు కింద తడిమూటలతో రోజుల తరబడి కూర్చోవాల్సి వస్తే మనుషులేం చేస్తారు? తోడికోడలు గిరాకీలను అనుకరించేది. ముక్కుతో మాట్లాడే గుమాస్తా, పెళ్ళికి వెళ్ళాలని ఏడ్చే లావుపాటాయన, బొత్తాం పోయిందని శాపాలు పెట్టే ముసలామె. అందరూ అడిగేది ఒకటే మాట: "ఆరాయా?" గంజి పెద్దమ్మ చెప్పేదీ ఒకటే జవాబు: "ఆరలేదు." కాస్త చదువుకున్న కోడలు అవన్నీ వరసలో పెట్టి, మధ్యలో ఆకాశాన్ని కూడా ఒక పాత్ర చేసింది. ఒకరోజు బట్టలకోసం వచ్చి, గొడుగు ముడుచుకుని గుమ్మంలో నిలబడి ఇదంతా చూసినామె పడీపడీ నవ్వి, "మా నాటకాల్లో మీరూ వేస్తారా?" అని అడిగింది. ఈ ప్రదర్శన నడిపేది ఆమే. నాటకం పేరు 'ఆరాయా?' అని కోడలే పెట్టింది.

ఆ నాటకాల మేడమ్ మధ్యాహ్నం వచ్చింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. నిద్రలేని కళ్ళు. వచ్చీరాగానే మంచినీళ్ళు అడిగి తాగి, తిరగేసిన తొట్టి మీద కూర్చుని, కాసేపు నీళ్ళు నమిలింది.

"పెద్దమ్మా, ఒక చిన్న మార్పు."

"చెప్పండి."

"చివర్లో గిరాకీ మళ్ళీ వచ్చి ఆరాయా అని అడుగుతుంది కదా. అప్పుడు మీరు 'ఆరాయి' అనాలి. మడతపెట్టిన బట్టలు చేతిలో పెట్టాలి. అంతే. జనం సంతోషంగా ఇళ్ళకు వెళ్తారు."

గంజి పెద్దమ్మ చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. నీళ్ళు మోచేతి వరకూ కారుతున్నాయి.

"ఎట్లా ఆరాయి?"

"నాటకం కదా పెద్దమ్మా."

"నాటకంలో మాత్రం ఎట్లా ఆరాయి? అప్పటిదాకా వాన, ఆ తర్వాత మసి, ఆ తర్వాత కుళాయిలో నీళ్ళు లేవు. చివర్లో ఉన్నట్టుండి ఆరాయంటే ఎవరారబెట్టారని అడగరూ?"

"ఆకాశం మనసు మారిందనుకోండి."

"దాని మనసు మొదట మార్చిందెవరో ఆ పొగగొట్టాల వాళ్ళనడగండి," అంది తోడికోడలు.

మేడమ్ మొహం తిప్పుకుంది. అసలు సంగతి అక్కడే ఉంది. ఆ పొగగొట్టాలున్న విద్యుత్తు కేంద్రం పెద్దమనిషే ముఖ్య అతిథి. దీపాలు ఆయన పెట్టిస్తున్నాడు. కుర్చీలు ఆయన వేయిస్తున్నాడు. ప్రతి నాటకమూ ఆశతో ముగిస్తే బాగుంటుందని కబురు పెట్టాడు. బాగుంటుంది అనే మాటకు పెద్దవాళ్ళ నోట్లో వేరే అర్థం ఉంటుంది.

"రాళ్ళు కొట్టేవాళ్ళు వాళ్ళ నాటకం చివర ఒక పాట కలిపారు," అంది మేడమ్ నెమ్మదిగా. "మీరొప్పుకోకపోతే ఆయన లేచి వెళ్ళిపోతాడు. వచ్చే ఏడాది ఈ నాటకశాల మనకు దొరకదు. నేనిక్కడికి ఇష్టపడి రాలేదు పెద్దమ్మా. రాక తప్పక వచ్చాను."

తోడికోడలు ఊగిసలాడింది. రోజూ అద్దం ముందు నిలబడి మాటలు సాధన చేస్తున్న మనిషి. "అక్కా, ఒక్క మాటే కదా. అనేద్దామా? మళ్ళీ మనల్ని ఆ గడప తొక్కనిస్తారో లేదో."

గంజి పెద్దమ్మ చొక్కా దులిపి తీగ మీద వేసింది. వేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"మేడమ్, మా పనిలో తప్పులు చాలా ఉన్నాయి. బొత్తాం పోతుంది. మరక వదలదు. ఒకరి చొక్కా ఇంకొకరింటికి పోతుంది. అవన్నీ తిట్లతో పోతాయి. తడిబట్టను ఆరిందని చెప్పి మడతపెట్టి ఇవ్వడం మాత్రం తిట్లతో పోయే తప్పు కాదు. బీరువాలోకి వెళ్ళి లోపల బూజు పట్టి, పక్కబట్టలను కూడా తినేస్తుంది. మా ఆయన అందుకే పోయాడు."

ఆ మాట అనవసరంగా అన్నాననుకుని ఆమె అక్కడికి ఆపేసింది. కానీ తోడికోడలికీ కోడలికీ ఆ కథ తెలుసు. ఒక వానల వారంలో ఆసుపత్రి దుప్పట్లు ఎంతకీ ఆరలేదు. రోగులకు వేసే బట్ట తడిగా పంపనని ఆయన తలుపులేసుకుని, బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో ఒక్కో దుప్పటినీ పొడి అయ్యేదాకా రుద్దుతూ కూర్చున్నాడు. రాత్రీ పగలూ ఆ బొగ్గుపొగలోనే. దుప్పట్లు ఆరాయి. ఆయన ఛాతీలో పట్టిన నెమ్ము ఆరలేదు. ఎండలు వచ్చేసరికి మనిషే ఆరిపోయాడు. ఆరడమన్నది ఒకే మాట, బట్టకు మంచిది, మనిషికి కాదు. అంత నష్టపోయి నిలబెట్టుకున్న మాటను గంజి పెద్దమ్మ ఇప్పుడు దీపాలకూ కుర్చీలకూ వదులుకుంటుందా?

"తడిగుడ్డతో గొంతులు కోసేవాళ్ళం కాదు మేడమ్," అంది తోడికోడలు, ఈసారి గట్టిగానే. "మా దగ్గర తడిగుడ్డలు బోలెడున్నా."

మేడమ్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు గంజి పెద్దమ్మకు ఒక ఆలోచన తట్టింది. బేరం తెగిపోయేలా ఉంటే సరుకు మార్చకూడదు, షరతు మార్చాలి.

"సరే మేడమ్. ఆరాయనే చెబుతాను."

"నిజంగా?"

"నిజంగా ఆరితే చెబుతాను. నాటకం మొదట్లో ఒక దుప్పటి తడిపి, పిండి, మీ వేదిక మీద తీగ కట్టి వేస్తాం. చివర్లో అందరి ముందూ పట్టుకు చూద్దాం. ఆరితే ఆరిందంటాను. ఆరకపోతే ఆరలేదంటాను. మీ పెద్దమనిషి దీపాలు మంచి వేడిగా ఉంటాయేమో, ఎవరికి తెలుసు?"

ఎవరు ఎవరిని ఒప్పించారో మేడమ్‌కు అర్థమైనట్టే ఉంది. లేచి, గొడుగు విప్పుకుని, "దుప్పటి మందమైనది తీసుకురండి," అని వెళ్ళిపోయింది.

సాయంత్రం మూటలబండి మీద కొడుకు వాళ్ళను దింపాడు. నాటకశాల వెనక గదిలో రాళ్ళు కొట్టేవాళ్ళు డప్పు వెచ్చచేసుకుంటున్నారు. పడవలవాళ్ళు వలలు విప్పుకుంటున్నారు. అందరి దగ్గరా వాళ్ళ వాళ్ళ పనివాసన. గంజి పెద్దమ్మ తను గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుంది. అది ఆమె కట్టుకున్నట్టు లేదు, అదే ఆమెను నిలబెట్టినట్టుంది. ఛాతీలో పొద్దుటి నుంచి ఉన్న బరువు మెడకెక్కింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కోడలు వేదిక ఎక్కనివ్వదని ఆమెకు తెలుసు. ఈ ఒక్క లెక్కలో మాత్రం ఆమె ఎవరి సలహా అడగలేదు.

తెర తీశారు. గంజి పెద్దమ్మ, తోడికోడలు చెరో కొస పట్టుకుని తడి దుప్పటి మెలితిప్పారు. నీళ్ళు వేదిక మీద ధారగా పడితే ముందు వరసవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. దుప్పటి తీగ మీద పడింది. కోడలు నీలం గుడ్డ కప్పుకుని ఎత్తుబల్ల ఎక్కి ఆకాశమైంది.

తోడికోడలు ముక్కుతో మాట్లాడే గుమాస్తాగా వచ్చింది. "ఆరాయా?"

"ఆరలేదు."

"నిన్న ఎండ కాసిందిగా?"

"కాసింది. తొట్టిలో నీళ్ళు కూడా ఇగిరిపోయాయి. ఉతకడానికి నీళ్ళేవి?"

హాలంతా నవ్వింది. లావుపాటాయన వచ్చి ఏడిస్తే ఇంకా నవ్వింది. శాపాలు పెట్టే ముసలామె వచ్చేసరికి వెనక వరసల్లో ఎవరో ఈలలు వేశారు. ఆకాశం తుమ్మింది, దగ్గింది, బల్ల మీదనుంచి నల్లటి పొడి రాల్చింది.

గంజి పెద్దమ్మ ఆకాశం వైపు తిరిగింది. "ఎండ ఇస్తానన్నావు. మాట ఏమైంది?"

"నేనెక్కడ తప్పానే? నా నెత్తిన పొగ పెట్టిందెవరో వాళ్ళనడుగు. పొయ్యి వాళ్ళది, దగ్గు నాది, తిట్లు నీకు."

నవ్వు ఈసారి సగంలో ఆగింది. జనం ముందు వరస వైపు చూశారు. అక్కడ ముఖ్య అతిథి కాలు మీద కాలు వేసుకుని, చిరునవ్వు చెరగనీయకుండా కూర్చుని ఉన్నాడు. పక్కన మేడమ్.

ఆఖరిసారి తోడికోడలు వచ్చింది. ఈసారి ఎవరినీ అనుకరించలేదు. తన గొంతుతోనే అడిగింది.

"ఆరాయా అక్కా?"

గంజి పెద్దమ్మ తీగ దగ్గరికి వెళ్ళింది. దుప్పటి కొస పట్టుకుని, తీగ మీద జారేంత మేర లాక్కుంటూ వేదిక అంచు దాకా వచ్చి, ముందుకు వంగి, ఆ కొసను ముఖ్య అతిథి ముందు చాపింది.

"మీరే పట్టుకు చూడండి బాబూ. నా మాట నమ్మొద్దు. చెయ్యి పెట్టి చెప్పండి."

ఆయన నవ్వాడు. చెయ్యి మాత్రం కదపలేదు. చొక్కా కఫ్ తడుస్తుందని చూసుకున్నాడో, మాట తడుస్తుందని చూసుకున్నాడో. దుప్పటి కొస నుంచి నీటిబొట్లు ఆయన బూటు పక్కన పడుతున్నాయి.

అప్పుడు పక్క కుర్చీలోంచి మేడమ్ చెయ్యి వచ్చింది. ఆమె ఆ కొసను గుప్పిట పట్టి పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. లేచి నిలబడి, వెనక్కి తిరిగి, ఇన్నాళ్ళూ అందరితో మెల్లగా మాట్లాడి అలసిపోయిన గొంతుతో గట్టిగా చెప్పింది.

"ఆరలేదు."

"పొయ్యి ఆర్పారా?" అని అడిగింది బల్ల మీద ఆకాశం.

"ఆర్పలేదు!" అన్నారు వెనక వరసలవాళ్ళు. ఇది రాసిన మాట కాదు. వాళ్ళంతట వాళ్ళే అన్నారు.

"మరి మన కడుపులో మంటో?" అంది తోడికోడలు.

గంజి పెద్దమ్మ నిటారుగా నిలబడింది.

"అదీ ఆరలేదు."

చప్పట్లు రేకుల కప్పు మీద వానలా పడ్డాయి. ముఖ్య అతిథి లేచి వెళ్ళాడో కూర్చున్నాడో ఎవరూ గమనించలేదు. అంతకన్నా పెద్ద నష్టం అలాంటి మనిషికి ఉండదు.

తెర పక్కకు వచ్చాక గంజి పెద్దమ్మ గోడకానుకుని కూర్చుంది. రాళ్ళు కొట్టేవాళ్ళ నాయకుడు డప్పు తగిలించుకుంటూ, "మా ఆటకు ఈ దుప్పటి అడ్డమేం కాదుగానీ, తీసెయ్యమంటారా పెద్దమ్మా?" అని అడిగాడు.

"ఉండనీ నాయనా. బేరం ఇంకా తెగలేదు."

"అయితే మా చివరి పాట కూడా మానేస్తున్నాం. పాడటానికి అదేం మా పాట కాదు," అని అతను వెళ్ళిపోయాడు. డప్పు మొదలైంది.

తోడికోడలు పక్కన చతికిలబడింది. చెమటలు కారుతున్నాయి, మాట ఆగడం లేదు. "చూశావా ఆయన మొహం? ఉతికి ఆరేశావక్కా! కాదులే, ఉతికావు, ఆరెయ్యలేదు. రేపు ఆసుపత్రి మూట తెచ్చేవాడికి చెప్పాలి. వాడు నమ్మడు. ఇదిగో నీళ్ళు తాగు. పడవలవాళ్ళు వాళ్ళ ఊరికి రమ్మంటున్నారు, అక్కడా వెయ్యాలట. నువ్వు ఒప్పుకో, ఏం? నువ్వు ఒప్పుకుంటే..."

చాచిన గ్లాసు చాచినట్టే ఉంది. తను ఒక్కతే మాట్లాడుతోందని తోడికోడలికి అప్పుడు తెలిసింది.

గంజి పెద్దమ్మ తల గోడకు ఆనించి ఉంది. నడుము వంగలేదు. కళ్ళు సగం తెరిచి, వేదిక వైపే.

తోడికోడలు కేక వేయలేదు. గ్లాసు కింద పెట్టి, ఆ నానిన వేళ్ళను రెండు చేతుల్లోకి తీసుకుంది. నీలం గుడ్డ భుజాన వేసుకుని వచ్చిన కోడలు చూసి నోరు తెరిస్తే, "ఉండవే. వాళ్ళ ఆట కానివ్వు. మధ్యలో ఆపితే మీ అత్త మనల్ని బతకనివ్వదు," అంది. కోడలు కిందికి జారి, అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, పిడికిలి నోట్లో పెట్టుకుంది. రాళ్ళు కొట్టేవాళ్ళ ఆట పూర్తయ్యేదాకా ముగ్గురూ అలాగే ఉన్నారు. డప్పు ఆగాక కొడుకును పిలిచారు.

మూటలబండిలోనే ఆమెను ఇంటికి తీసుకెళ్ళారు. బండి వెనక రాళ్ళు కొట్టేవాళ్ళు, పడవలవాళ్ళు, మేడమ్ నడిచారు. తోడికోడలు బండి పట్టుకుని నడుస్తూ, పడవలవాళ్ళ ఊరికి తామొస్తున్నామని, అక్క వేషం తనే వేస్తానని, ఎవరూ అడగకుండానే చెప్పింది.

నాటకశాలలో దీపాలు తీసేశారు. కుర్చీలు మడతపెట్టారు. వేదిక ఊడ్చడానికి వచ్చినవాడు తీగ దగ్గర ఆగి, దాన్ని ముట్టుకోకుండా చుట్టూ ఊడ్చి వెళ్ళిపోయాడు. మందపాటి తెల్ల దుప్పటి ఒక కొస కిందికి జారి వేలాడుతోంది. ఆ కొస చివర ఒక బొట్టు నెమ్మదిగా బరువెక్కుతోంది.